కొండెక్కని దీపం

మన ఇళ్ళలో దీపానికున్న మర్యాద మరి దేనికీ లేదు. సందెవేళ దీపం పెట్టగానే చేతులు జోడిస్తాం. గాలికి పోతే "ఆరిపోయింది" అని నోటితో అననైనా అనం, "కొండెక్కింది" అంటాం. అలాంటి ఇళ్ళలో పుట్టి పెరిగిన మనకి మోటారుకారు ఓ తిరకాసు పెట్టింది. అక్కడ దీపం వెలిగితే అశుభం, కొండెక్కితే శుభం!

తాళం తిప్పగానే డ్రైవరు ముందున్న డ్యాష్‌బోర్డులో డజను దీపాలు ఒక్కసారి వెలుగుతాయి. చిన్న దీపావళిలా ముచ్చటగానే ఉంటుంది. ఇంజను స్టార్టయ్యాక అవి ఒక్కొక్కటే కొండెక్కాలి. అన్నీ ఎక్కాక పసుపుపచ్చనిది ఒకటి, గుండ్రటి గీత మధ్య ఏబీఎస్ అని మూడక్షరాలు రాసుకున్నది, నేనెక్కనని మొండికేసిందనుకోండి. ఇక బండిలో రెండు పార్టీలు బయల్దేరతాయి. "ఆరునెల్ల నించీ అలాగే ఉంది, ఏం కాదులే" అనే పార్టీ ఒకటి. "బ్రేకులు పోయాయి, దిగండి దిగండి" అనే పార్టీ ఇంకొకటి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, రెండు పార్టీలదీ తప్పే.

ఈ దీపం బాధ పాత బండ్లకి ఎక్కువ. అందులోనూ నాలుగు చక్రాలకీ ఇంజను బలం అంది, గుట్టలూ వాగులూ దాటే జీపు తరహా బండ్లకి మరీ ఎక్కువ. బురదలోనూ నీళ్ళలోనూ తిరిగిన ఒళ్ళు గదా, నొప్పులు తప్పవు. దాని వైద్యం చెప్పుకునే ముందు అసలీ దీపం ఏ ఇంటి నుంచి వచ్చిందో చూద్దాం. ఇవి మగవాళ్ళ కబుర్లని పేజీ తిప్పెయ్యకండి. మోటారుబండి బ్రేకు కథలో మొదటి పేజీ ఒక ఇల్లాలిది.

1888 ఆగస్టులో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్‌తో మాట మాత్రమైనా చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారుబండి తీసుకుని, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్నుతో పొడిచి బాగుచేసింది. పల్లపు దారుల్లో బ్రేకు దిమ్మ అరిగిపోతుంటే, చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి దానికి తోలుముక్క కొట్టించింది. ఇవాళ కారు బ్రేకులకి వేసే లైనింగుకి మూలపుటమ్మ ఆ తోలుముక్కే. జబ్బేమిటో కనిపెట్టడం, చేతిలో ఉన్నదానితో నయం చెయ్యడం రెండూ ఆవిడతోనే మొదలయ్యాయి. పుట్టింటికి వెళ్ళాలన్న పట్టుదల ఎంత పనైనా చేయిస్తుందనడానికి వేరే సాక్ష్యం కావాలా!

సరే, బ్రేకు పడడం ఒక ఎత్తు, బండి ఆగడం ఇంకో ఎత్తు. నూనె ఒలికిన వంటింటి గచ్చు మీద మెల్లిగా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచినంతసేపూ ఫరవాలేదు. కాలు ఒకసారి జారడం మొదలెట్టిందో, ఇక మనం ఎటు పోవాలన్నది గచ్చు ఇష్టం. చక్రమూ అంతే. దొర్లుతున్నంతసేపూ రోడ్డుని పట్టుకుని ఉంటుంది. కంగారులో బ్రేకు గట్టిగా తొక్కితే బిగుసుకుపోయి, దొర్లడం మాని జారుతుంది. ముందు చక్రాలు జారుతున్నప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు. అందుకే చెయ్యి తిరిగిన డ్రైవర్లు వానాకాలంలో బ్రేకు తొక్కుతూ వదులుతూ ఆపేవారు. ఆ తొక్కి వదిలే పనిని చక్రం చక్రానికీ విడిగా, సెకనుకి పదిసార్ల దాకా చేసే యంత్రమే ఏబీఎస్. బిగుసుకోనివ్వని బ్రేకు అనుకోండి.

దీని కథలో ముందొక రైలు వస్తుంది. 1869లో అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే ఆయన రైళ్ళకి గాలి బ్రేకు కనిపెట్టాడు. గొట్టంలోకి గాలి పంపితే బ్రేకు పడేది. బాగానే ఉంది గానీ, గొట్టం తెగితే? బ్రేకు లేనట్టే. ఆయన ఊరుకోలేదు. 1872లో ఆ ఏర్పాటునే తిరగేశాడు. గొట్టంలో గాలి నిండి ఉన్నంతసేపూ బ్రేకు పడదు. గొట్టం తెగి గాలి పోయిందా, బ్రేకు దానంతటదే పడుతుంది. చెడిపోవడం ఏ యంత్రానికైనా తప్పదు, కానీ చెడిపోతే క్షేమం వైపు చెడిపోవాలన్నది ఆ ఏర్పాటులో ఉన్న నీతి. మన పసుపు దీపానికి ఈ నీతి మేనమామ వరస. ఎలాగో ముందు ముందు తెలుస్తుంది.

తరవాత విమానం. చక్రాలు ఎక్కడో వెనక, పైలట్ ఎక్కడో ముందు. దిగేటప్పుడు చక్రం బిగుసుకుపోయినా ఆయనకి తెలిసే దారి లేదు. టైరు ఒక్కచోటే అరిగి, డాం అని పేలేది. 1950ల మొదట్లో బ్రిటన్‌లో డన్‌లప్ కంపెనీ వాళ్ళు మాక్సారెట్ అనే పరికరం తెచ్చారు. అందులో చక్రంతోపాటు తిరిగే చిన్న బరువుచక్రం ఒకటుంటుంది. బస్సు ఠక్కున ఆగితే నిలబడ్డ మనం ముందుకి తూలుతాం గదా, అలాగే పెద్దచక్రం హఠాత్తుగా బిగుసుకుంటే ఈ చిన్నచక్రం ముందుకి తూలుతుంది. ఆ తూలుడే బ్రేకుని ఒక్క లిప్త సడలిస్తుంది. కరెంటు లేదు, ఎలక్ట్రానిక్సు లేదు. ఉన్నదల్లా తూలుడే!

విమానం నుంచి కారులోకి ఇది ఎవరి ద్వారా వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. మన పల్లెల్లో పొలాలు దున్నే మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు పేరు విననివాళ్ళు ఉండరు. ఆ పేరులోని హారీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల తరవాత కార్ల మీద పడ్డాడు. నాలుగు చక్రాలకీ బలం అందాలని, బ్రేకు బిగుసుకోకూడదని ఆయన పట్టు. 1960లో ఆయన పోయాడు. ఆయన మనుషులు పని ఆపలేదు. 1966లో ఇంగ్లండులో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే కారు వచ్చింది. ఎఫ్ఎఫ్ అంటే ఫెర్గూసన్ ఫార్ములా. నాలుగు చక్రాల బలమూ, మాక్సారెట్ బ్రేకూ రెండూ ఒకే కారులో! 1971 దాకా కట్టినవి 320 కార్లే. అది డబ్బున్నవాళ్ళ షోకు కారు, బురదలో దిగేది కాదు. అయినా నాలుగు చక్రాల బండికీ ఈ బ్రేకుకీ పెళ్ళి మొదట్లోనే కుదిరిందన్నమాట.

బరువుచక్రాల కాలం పోయి ఎలక్ట్రానిక్సు కాలం రావడానికి మళ్ళీ జర్మనీ వెళ్ళాలి. చక్రం బిగుసుకోకుండా చూసే పరికరానికి బాష్ కంపెనీ 1936లోనే పేటెంటు తీసుకుంది. ఊహ ఉంది, దాన్ని నిజం చేసే సాధనం లేదు. తొలి నమూనాల్లో మెదడుపెట్టెకి సుమారు వెయ్యి భాగాలు. ఎండకీ వానకీ కుదుపులకీ అన్నీ నిలబడేదెలా? అంకెల లెక్కతో నడిచే చిప్పులు వచ్చాక ఆ వెయ్యి 140కి దిగింది. స్వీడన్ ఉత్తరాన గడ్డకట్టిన సరస్సుల మీద ఏటేటా శీతకాలంలో బండ్లు తోలి తోలి పరీక్షించారు. 1978లో మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాసు కారులో ఏబీఎస్ అమ్మకానికి వచ్చింది. బెర్తా బెంజ్ తోలుముక్క కొట్టించిన ఏడాదికి సరిగ్గా తొంభయ్యో ఏడు!

గుట్టలెక్కే బండ్లకి ఇది రావడానికి ఇంకా పదకొండేళ్ళు పట్టింది. 1989లో బ్రిటన్ వాళ్ళ రేంజ్ రోవర్‌కి ఏబీఎస్ వచ్చింది. ఆ పరికరం తయారుచేసినది వాబ్కో. ఆ పేరు విప్పితే వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేక్ కంపెనీ. రైలు మేనమామ ఇక్కడ మళ్ళీ కనిపించాడు చూశారా!

ఇలాంటి బండికి ఈ బ్రేకు అమర్చడం తేలిక కాదు. మామూలు రోడ్డు మీద చక్రం బిగుసుకుంటే నష్టం. వదులు కంకరలోనో ఇసకలోనో బిగుసుకుంటే చక్రం ముందు చిన్న గుట్ట పోగై, బండి త్వరగా ఆగుతుంది. అక్కడ ఏబీఎస్ ఆ గుట్టని పోగవనివ్వక ఆగే దూరం పెంచుతుంది. అందుకని కొన్ని బండ్లలో దాన్ని కాసేపు ఆపుకునే మీట కూడా పెట్టారు. పైగా బురద. ఒక్కో చక్రం దగ్గర పళ్ళున్న ఇనుప వలయం, దానికి గోరుమందం కూడా లేని ఎడంలో అయస్కాంతమూ రాగితీగా ఉన్న సెన్సరు ఉంటాయి. వలయం తిరుగుతుంటే పన్ను పన్నుకీ తీగలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్నిబట్టే మెదడుపెట్టె చక్రం వేగం తెలుసుకుంటుంది. ఆ ఎడంలో మట్టి చేరినా, తుప్పు ఉబ్బినా, బేరింగు అరిగి చక్రం ఊగినా లెక్క తప్పుతుంది.

లెక్క తప్పినప్పుడు ఏం చెయ్యాలి? ఇక్కడే మేనమామ నీతి. తప్పు లెక్కతో బ్రేకు సడలిస్తే ప్రాణాపాయం. కాబట్టి అనుమానం రాగానే ఏబీఎస్ తనంతట తాను తప్పుకుని, పెడలు తొక్కితే పడే మామూలు బ్రేకుకి పని అప్పగించి, పసుపు దీపం వెలిగిస్తుంది. వంట చేసే మనిషి ఒంట్లో బాగులేక, చెప్పి మరీ సెలవు పెట్టినట్టు. ఆ పూట పొయ్యి వెలుగుతుంది, అన్నం ఉడుకుతుంది, కానీ సాయం లేదు. చెప్పకుండా మానేసిన మనిషి కంటే చెప్పి మానేసిన మనిషి ఎంత నయమో మనకి తెలియంది కాదు. "ఏం కాదులే" పార్టీ వాళ్ళు మరిచేది సాయం లేదన్న సంగతి. "దిగండి" పార్టీ వాళ్ళు మరిచేది పొయ్యి వెలుగుతోందన్న సంగతి.

అయితే ఒక్క జాగ్రత్త. పసుపు దీపంతోపాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగితే మాత్రం మారుమాట లేకుండా బండి పక్కకి ఆపాలి. బ్రేకు ఆయిలు కారిపోతూ ఉండొచ్చు. కొన్ని పాత బండ్లలో మామూలు బ్రేకుకి బలమిచ్చే పంపూ, ఏబీఎస్ పంపూ ఒకటే. అది పడుకుంటే రెండూ పడుకుంటాయి. అప్పుడు "దిగండి" పార్టీయే గెలవాలి.

దీపం వెలిగి ఊరుకోదు, అడిగితే మాట్లాడుతుంది కూడా. 1990ల నాటి టయోటా లాండ్ క్రూయిజర్ వంటి బండ్లలో రెండు మొనలని చిన్న తీగతో కలిపితే ఈ దీపమే మిణుకుమిణుకుమంటూ జబ్బు చెబుతుంది. మూడుసార్లు మిణికి, ఆగి, ఒకసారి మిణికితే 31: ముందు కుడి చక్రం సెన్సరు. 32 అయితే ముందు ఎడమ. 33, 34 అయితే వెనక కుడి, వెనక ఎడమ. నాడి పట్టుకుని చూసే వైద్యం లాగే లేదూ! తరవాత వచ్చిన బండ్లకి స్కానరు తగిలించాలి. బజారులో దొరికే చవక రకం రీడర్లు చాలావరకు ఇంజను సంగతి చెప్పి ఊరుకుంటాయి, బ్రేకు సంగతి చదివేదేనా అని అడిగి మరీ పెట్టించుకోవాలి.

ఈ వైద్యం వరస తప్పితే డబ్బు దండగ. ముందు కోడ్ చదవాలి. తరవాత ఖర్చులేనివి చూడాలి: బ్రేకు ఆయిలు మట్టం, ఫ్యూజు, బ్యాటరీ బలం. నీరసించిన బ్యాటరీకి కూడా ఈ దీపం వెలుగుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజువా అని చూడాలి. వేరైతే చక్రాల వేగాలు కలవక యంత్రం అనుమానపడుతుంది. ఆ తరవాత కోడ్ చెప్పిన చక్రం దగ్గర మట్టి తుడవడం, వైరు ఎక్కడైనా రాసుకుని తెగిందేమో తడిమి చూడడం. కొన్ని పాత రేంజ్ రోవర్లలో సెన్సరు బిగింపులోంచి కొంచెం వెనక్కి జరుగుతుంది. దాన్ని చేత్తో లోపలికి నొక్కితే చాలు, దీపం కొండెక్కుతుంది. అన్నీ అయ్యాక, చిట్టచివరికి, పెద్ద పెట్టె మార్చే మాట.

ఈ చివరి మాటకి మంచి ఉదాహరణ ఉంది. 1998 నుంచి 2004 దాకా వచ్చిన రెండో తరం లాండ్ రోవర్ డిస్కవరీలో ఏబీఎస్ దీపం, చక్రాలు ఉత్తినే తిరగకుండా చూసే సాయం దీపం, పల్లం దిగే సాయం దీపం, మూడూ కలిసి వెలగడం ఆ బండివాళ్ళందరికీ తెలిసిన జబ్బు. అమెరికాలో వాళ్ళు 1986 నాటి ఒక హాస్య సినిమా పేరు మీద వాటికి త్రీ అమీగోస్, అంటే ముగ్గురు మిత్రులు, అని పేరు పెట్టేశారు. పెట్టె మొత్తం మార్చాలంటే బోలెడు ఖర్చు. ఓపికున్న వాళ్ళు విప్పి చూస్తే చాలాసార్లు దోషం పెట్టెలోని బుల్లి స్విచ్చులదో, వాటి లోపలి వైరుదో అని తేలింది. బయటినుంచి కొత్త వైరు లాగి మిత్రులు ముగ్గుర్నీ సాగనంపారు. బెర్తా బెంజ్ వారసులనిపించుకున్నారు.

ఇదంతా పుస్తకాల్లో చదివి ముచ్చటపడడానికి కాదు. మా తమ్ముడు కాఫీ తోటల పని మీద పాడేరు వైపు కాపురం పెట్టినప్పుడు పాత ఫోర్ వీల్ బండి ఒకటి బేరం చేశాడు. చూడ్డానికి నన్నూ తీసుకెళ్ళాడు. రంగు నిగనిగలాడుతోంది, సీట్లు కొత్తవి. తమ్ముడు తాళం తిప్పి, "చూడక్కా, ఒక్క దీపం కూడా మిగల్లేదు, బండి శుభ్రంగా ఉంది" అన్నాడు. బండితో వచ్చే పుస్తకం మొదటినించి చివరిదాకా చదివే అలవాటు నాది. ఆ ఉదయమే దాన్ని తిరగేశాను. "ఆరడం సరే, అసలు వెలిగిందేదీ? మళ్ళీ తిప్పు" అన్నాను. మళ్ళీ తిప్పాడు. ఎర్రవి వెలిగాయి, ఇంజనుది వెలిగింది. ఏబీఎస్ ఉండాల్సిన చోట చీకటి.

అమ్మేవారు "బల్బు పోయి ఉంటుందమ్మా, పది రూపాయల పని" అన్నారు. పది రూపాయల పనైతే ఇప్పుడే చేయిద్దామని మేస్త్రీని పిలిపించాం. పలక విప్పితే బల్బు మాడిపోవడం కాదు, అసలు లేనే లేదు. ఎవరో తీసేశారు. కొత్త బల్బు పెట్టగానే వెలిగింది, ఇక కొండెక్కలేదు. ఆ రోజు ఆ చీకటి చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఆషాఢం వానల్లో పాడేరు ఘాటు దిగేది ఆ బండిలోనే. వెనక సీట్లో మా మరదలు, ఇద్దరు పిల్లలు. బల్బు తీసిన చేతికి వాళ్ళ ముఖాలు తెలియవు గదా.

బేరం అక్కడే ఆపి వైద్యం మొదలుపెట్టించాం. మేస్త్రీ కోడ్ చదివి వెనక ఎడమ చక్రం అన్నాడు. బండి జాకీ మీద ఎత్తితే పళ్ళ వలయం నిండా ఎర్రమట్టి. అది కడిగినా దీపం కదల్లేదు. మీటరు పెట్టి చూస్తే సెన్సరు బాగానే ఉంది. వైరు పొడుగునా వేళ్ళతో వంచుతూ వచ్చాడు. ఒకచోట పైతొడుగు బాగానే ఉన్నా లోపల తీగ పుటుక్కున తెగి ఉంది. చక్రం ఎగిరెగిరి పడినప్పుడల్లా అక్కడే వంగుతోందిట. ఆ ముక్క మార్చి, ఊగకుండా కట్టి, కోడ్ చెరిపి, ఖాళీ మైదానంలో నాలుగు చుట్లు తిప్పాం. దీపం వెలిగింది, కొండెక్కింది, మళ్ళీ కనబళ్ళేదు. అమ్మేవారు ధర తగ్గించారు. మా తమ్ముడు బండి తీసుకున్నాడు.

అందుకే పాత బండి కొనబోయే వాళ్ళింట్లో ఆడవాళ్ళకి నేనిచ్చే సలహా ఒక్కటే. రంగు, సీటు, మైలేజీ మగవాళ్ళు చూసుకుంటారు. మీరు వెళ్ళి తాళం తిప్పమని, దీపాలు లెక్కపెట్టండి. ప్రతి దీపమూ ముందు వెలగాలి, ఆ తరవాతే పోవాలి. ఏబీఎస్ దీపం కొన్ని పాత బండ్లలో చక్రాలు నాలుగడుగులు దొర్లాకగానీ పోదు, దానికి కంగారు పడక్కర్లేదు. అసలు వెలగని దీపాన్నే నమ్మకూడదు. బండి ఇంటికొచ్చాక, రెండేళ్ళకోసారి బ్రేకు ఆయిలు మార్పించండి. అది గాలిలో తేమ పీల్చుకుని లోపలి సన్నని దారుల్ని తినేస్తుంది. పప్పుల డబ్బా మూత తీసి ఉంచితే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా!

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అంటే ఇవాళ నిగనిగలాడుతూ షోరూములోంచి వస్తున్న బండ్లన్నీ కొన్నేళ్ళకి పాతవై, చేతులు మారి, ఎవరో ఒకరి వాకిట్లో ఈ పసుపు దీపం వెలిగించుకుని కూర్చుంటాయి. అప్పుడు దాని మీద నల్ల టేపు అంటిస్తామనేవాళ్ళు, బల్బు పీకేస్తామనేవాళ్ళు తప్పకుండా వస్తారు. వాళ్ళకి మన ఇళ్ళలో నేర్పిన మాటే చెప్పండి. దీపాన్ని ఆర్పకూడదు నాయనా, అదే కొండెక్కాలి.